రెండుసార్లు తిరిగొచ్చిన పిల్లి. భయపడే పిల్లికి ఇల్లు ఎలా వెతకాలి?

సీతాఫల్‌మండి టైలరక్క (ప్రశ్న)

నమస్కారం అండీ. నేను సీతాఫల్‌మండిలో ఉంటాను, ఇంట్లోనే బ్లౌజులు కుడతాను. ఏడాదిన్నరగా ప్రతి ఆదివారం శామీర్‌పేట వైపు ఉన్న ఒక చిన్న షెల్టర్‌కి వెళ్తున్నాను. మొదటిసారి మిగిలిన గుడ్డముక్కలు జంతువులకి పక్క వేయడానికి పనికొస్తాయని సంచి నిండా పట్టుకెళ్లాను. ఆ తర్వాత వెళ్లకుండా ఉండలేకపోయాను. అక్కడ ఎక్కువ కుక్కలే, పిల్లులు పదకొండు. అందులో ఒకదాని గురించే ఇక్కడ అడుగుతున్నాను.

దాని పేరు పొట్లం. తెలుపు, నలుపు, ఇటుక రంగు కలిసిన ఆడపిల్లి. పళ్లు చూసి మూడేళ్లు ఉంటాయని డాక్టరు చెప్పారు. ఎక్కడో కాలనీలో అద్దెకున్నవాళ్లు ఇల్లు ఖాళీ చేస్తూ దీన్ని లోపలే వదిలి తాళం వేసి వెళ్లిపోయారు. ఐదో రోజు రంగులు వేయడానికి వచ్చినవాళ్లు తలుపు తీస్తే, వంటింటి సింకు కింద బకెట్ వెనకాల ఉందట. కాళ్లు, తోక, తల అన్నీ లోపలికి దోపుకుని, కాగితంలో చుట్టిన పకోడీ పొట్లంలా ఉందని షెల్టర్‌లో పనిచేసే అబ్బాయి ఆ పేరు పెట్టాడు. డిసెంబరులో వచ్చింది. ఇప్పటికి ఎనిమిది నెలలు.

పిల్లుల గదికీ కుక్కల గదులకీ మధ్య ఒక్క గోడే ఉంది. పొద్దున, సాయంత్రం అన్నం గిన్నెల చప్పుడు వినగానే కుక్కలన్నీ ఒకేసారి మొరుగుతాయి. అప్పుడు పొట్లం ఇనప ట్రంకు పెట్టె వెనక్కి పోయి గోడకి అతుక్కుంటుంది. పగలు ఏమీ తినదు, రాత్రి అందరూ పడుకున్నాకే తింటుంది. ఎవరినీ కరవలేదు, ఎవరి మీదికీ రాలేదు. ఊరికే అలా రాయిలా అయిపోతుంది. కళ్లు మాత్రం మొత్తం నల్లగా అయిపోతాయి.

నేను దాని దగ్గరకి వెళ్లను. ట్రంకుకి వీపు పెట్టి కూర్చుని, ఇంటి నుంచి తెచ్చుకున్న బ్లౌజులకి హుక్కులు, కాజాలు కుట్టుకుంటాను. మాట్లాడను. పద్నాలుగో ఆదివారం వెనక నుంచి ఒక కాలు వచ్చి నా దారపు రీలుని తాకింది. మళ్లీ వెంటనే లోపలికి పోయింది. ఆ రోజు బస్సులో ఇంటికొస్తూ ఏడుపు ఆపుకోలేకపోయాను.

ఇంకొకటి గమనించాను. షెల్టర్ చూసుకునే కుటుంబం ఒక మూల గదిలో ఉంటారు. వాళ్ల కుక్కర్ విజిల్ వేసినప్పుడు అన్ని పిల్లులూ ఉలిక్కిపడతాయి. పొట్లం ఒక్కటే చెవులు ముందుకి తిప్పి అటు చూస్తుంది. ఆ చప్పుడంటే దానికి భయం లేదు. ఒకప్పుడు అది వంటింట్లో పెరిగిన పిల్లి అని నాకు అందుకే గట్టిగా అనిపిస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. దాన్ని రెండుసార్లు దత్తత ఇచ్చాం, రెండుసార్లూ వెనక్కి వచ్చింది. మొదట కొండాపూర్‌లో కొత్తగా పెళ్లయిన జంట తీసుకున్నారు. మంచం కింద నుంచి బయటికి రావట్లేదని రెండో రోజే తెచ్చి ఇచ్చేశారు. రెండోసారి దిల్‌సుఖ్‌నగర్‌లో ఇద్దరు చిన్నపిల్లలున్న ఇల్లు. పిల్లలు ఫ్రిజ్ వెనక నుంచి లాగబోతే గీరింది. తొమ్మిదో రోజు పంపించేశారు. తిరిగొచ్చాక రెండు రోజులు ముద్ద ముట్టలేదు. డాక్టరు సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది.

వాళ్లని నేను తప్పు పట్టను. ఎందుకంటే దత్తత పోస్టు రాసింది నేనే. "చాలా ముద్దుగా ఉంటుంది, ప్రేమగా కలిసిపోతుంది" అని రాశాను. నిజం రాస్తే ఎవరూ తీసుకోరని భయపడ్డాను. ఆ తప్పుకి శిక్ష దానికి పడింది.

నేనే తెచ్చుకుందామంటే మా ఆయనకి ఉబ్బసం. ఒక్క రాత్రి ప్రయత్నించి చూశాం. తెల్లవారుజామున మూడింటికి నెబ్యులైజర్ పెట్టాల్సి వచ్చింది. పిల్లిని విడిగా వేరే గదిలో ఉంచినా ఆగలేదు.

వినాయక చవితి దగ్గర పడుతోంది. షెల్టర్ పక్కనే మండపం వేస్తారు. పోయిన నెల బోనాల డప్పులకే మూడు రోజులు అన్నం మానేసింది. చవితి నుంచి నిమజ్జనం దాకా ఎలా తట్టుకుంటుందో తలుచుకుంటే నాకు నిద్ర పట్టట్లేదు. ఈలోగా ఇల్లు దొరికితే బాగుండు. నిజం రాస్తే ఎవరైనా ముందుకొస్తారా? ఎలా రాయాలి, ఎలాంటి ఇల్లు వెతకాలి, మూడోసారి తిరిగి రాకుండా నేనేం చేయాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

---

రాంనగర్ 42

అక్కా, చెడుగా అనుకోవద్దు. మనుషులంటే అంత భయమైతే ఇల్లు ఎందుకు? మా రాంనగర్ చేపల మార్కెట్ దగ్గర వదిలేయండి. అక్కడ బోలెడు పిల్లులు బతుకుతున్నాయి, తిండికి లోటుండదు. స్వేచ్ఛగా తిరుగుతుంది.

---

సైనిక్‌పురి బ్యాంకు ఉద్యోగి

రాంనగర్ అన్నా, మీరు మంచి ఉద్దేశంతోనే అన్నారని తెలుసు, కానీ దయచేసి ఈ సలహా ఎవరికీ ఇవ్వకండి. చేపల మార్కెట్ పిల్లులు అక్కడే పుట్టి పెరిగాయి. ఏ సందులో కుక్క ఉంటుందో, ఏ గోడ ఎక్కాలో వాటికి తెలుసు. కొత్త పిల్లిని అక్కడున్న పిల్లులే తరిమేస్తాయి. ఇంట్లో పెరిగి, చప్పుడుకి బిగుసుకుపోయే పిల్లి బండ్ల మధ్య ఒక్క రోజు కూడా నిలవదు. పైగా పెంచిన జంతువుని తిండికి, నీళ్లకి అలమటించేలా వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం.

అక్కా, మీ పోస్టు చదివాక మా బొగ్గు గుర్తొచ్చింది. నల్లపిల్లి, ఇలాగే షెల్టర్ నుంచి వచ్చింది. మొదటి నెలన్నర నేను దాని తోక తప్ప ఏమీ చూడలేదు. మా అత్తగారు నల్లపిల్లి ఎదురొస్తే ఎలా అని బాధపడ్డారు కూడా. నాలుగో నెలలో ఒక మధ్యాహ్నం అది ఆవిడ కాళ్ల దగ్గరే వచ్చి పడుకుంది. ఇప్పుడు ఆవిడ ఊరెళ్తే ఫోన్ చేసి ముందు అడిగేది దాని గురించే.

నేను చేసింది చెప్తాను. ఇల్లంతా ఒకేసారి ఇవ్వకూడదు. ఒక్క చిన్న గది, మనుషులు తక్కువ తిరిగేది. మంచం ఉంటే కింద సూట్‌కేసులు పెట్టి ఖాళీ మొత్తం మూసేయండి. లేకపోతే మీ కొండాపూర్ వాళ్లకి జరిగినట్టే అవుతుంది: అది మనకి అందని చోట ఉంటుంది, మనం వంగి వంగి చూస్తుంటాం, మనం చూసిన కొద్దీ అది ఇంకా లోపలికి పోతుంది. దాక్కునే చోటు మనమే ఇవ్వాలి. అట్టపెట్టెకి రెండు వైపులా కంతలు కోసి గోడ మూల పెట్టాను. రెండు కంతలు ఎందుకంటే, ఒకటే ఉంటే ఎవరైనా వచ్చి నిలబడితే ఇరుక్కుపోయానని బెదురుతుంది. షెల్టర్‌లో అది పడుకున్న గుడ్డని ఉతక్కుండా అలాగే పెట్టెలో వేయాలి. కొత్త చోట దానికి తెలిసిన వాసన అదొక్కటే. మన ముక్కుకి బాగోదు, ఫర్వాలేదు.

తిండి రోజూ ఒకే వేళకి. ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి ఏవీ లేకుండా ఉడికించిన కోడి మాంసం పీచుల్లా చేసి, చేతి పొడవుండే అట్లకాడ చివర పెట్టి పెట్టె ముందుకి జరిపేవాణ్ని. వారం వారం అట్లకాడని కొంచెం దగ్గరగా పట్టుకున్నాను. మూడో నెలకి చెయ్యే మిగిలింది. మీరు వీపు తిప్పి కూర్చుని కాజాలు కుట్టడం కంటే మంచి పని లేదు, మీరు సగం దారి వచ్చేశారు. ఒకటే కలపండి: అది మిమ్మల్ని చూస్తున్నప్పుడు నేరుగా గుచ్చి చూడకుండా, కళ్లు నెమ్మదిగా సగం మూసి తెరవండి. ఇంగ్లండ్‌లో ససెక్స్ యూనివర్సిటీ వాళ్లు 2020లో దీన్ని పరీక్షించి చూశారు. అలా చేసిన మనిషి దగ్గరకి పిల్లులు ఎక్కువగా వచ్చాయి.

దత్తత పోస్టు విషయంలో, నిజమే రాయండి. మొదటి వాక్యంలోనే రాయండి. వంద మంది తప్పుకుంటారు, తప్పుకోనివ్వండి. మనకి కావాల్సింది ఒక్కరే.

---

రాజేంద్రనగర్ వెటర్నరీ స్టూడెంట్

నమస్తే మేడమ్. రాజేంద్రనగర్‌లో వెటర్నరీ చదువుతున్నాను, ఆఖరి సంవత్సరం.

ముందు ఒక్క విషయం చూసుకోండి. దాక్కునే పిల్లి ప్రతిసారీ భయంతోనే దాక్కోదు, నొప్పి ఉన్నా అలాగే చేస్తుంది. చిగుళ్లు వాచినా, మూత్రంలో ఇబ్బంది ఉన్నా మనకి చెప్పదు, మూలకి పోతుంది. పళ్లు చూశారు కాబట్టి వయసు తెలిసింది, కానీ నోరంతా, చెవులు, రక్తం ఒకసారి పూర్తిగా చూపించండి. నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ వెటర్నరీ హాస్పిటల్ ఉంది, మీకు దగ్గర. రేబిస్ టీకా, ట్రైక్యాట్ టీకా (పిల్లులకి వచ్చే జబ్బులకి వేసేది), పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, ఇవన్నీ అయ్యాయని కార్డు చేతిలో ఉంటే తీసుకునేవాళ్లకి కూడా సగం టెన్షన్ తగ్గుతుంది.

రెండు రోజులు తినలేదన్నారు కదా, అది చాలా ప్రమాదం. కుక్కలా కాదు, పిల్లి వరసగా రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే ఒంట్లో కొవ్వంతా కాలేయానికి చేరి అది పాడవుతుంది. కొత్త ఇంటికి వెళ్లాక ఒక రోజంతా గిన్నె ముట్టకపోతే డాక్టరుకి ఫోన్ చేయాలని వాళ్లకి ముందే చెప్పండి. భయపడుతోంది కదా, అదే తింటుందిలే అని ఎదురుచూడొద్దు. నీరసంగా ఉందని మన జ్వరం మాత్ర, అంటే పారాసెటమాల్, చిన్న ముక్క కూడా వేయొద్దు. పిల్లికి అది విషం. ఇంటికి తీసుకెళ్లే రోజు, పండగ రోజుల్లో బెదురు తగ్గడానికి డాక్టరు బరువు చూసి మందు రాస్తారు, అడగండి. సొంతంగా మాత్రం ఏదీ వద్దు.

షెల్టర్‌లో ఇప్పుడే చేయగలిగింది ఒకటుంది. పొట్లానికి ట్రంకు వెనకాల కాకుండా సొంతంగా ఒక పెట్టె పెట్టండి. నెదర్లాండ్స్‌లో ఒక షెల్టర్‌లో కొత్తగా వచ్చిన పిల్లుల్లో కొన్నిటికి దాక్కునే పెట్టెలు ఇచ్చి, కొన్నిటికి ఇవ్వకుండా చూశారు, ఆ ఫలితాలు 2014లో వచ్చాయి. పెట్టె ఉన్నవి మొదటి రోజుల్లోనే త్వరగా కుదురుకున్నాయి. ఆ పెట్టెనే దానితో పాటు కొత్త ఇంటికి పంపొచ్చు.

---

మియాపూర్ ఆరో అంతస్తు

బ్యాంకాయన, డాక్టరమ్మాయి చెప్పినవన్నీ సరే. నేను ఇంటి గురించి చెప్తాను, ఎందుకంటే నా తప్పు వల్ల ఒక పిల్లిని పోగొట్టుకున్నాను.

బాల్కనీకి పావురాల వల ఉంది కదా, చాలనుకున్నాను. అది నైలాన్. దీపావళి రాత్రి బాంబుల చప్పుడికి మా పిల్లి ఒక మూల కొరికి, చీల్చుకుని దూరిపోయింది. ఆరో అంతస్తు. ఇంతకంటే రాయలేను. అందుకే ఎవరికి ఇచ్చినా కిటికీలకి, బాల్కనీకి స్టీలు జాలీ ఉందా అని మీరే స్వయంగా వెళ్లి చూడండి. ఫోటో పంపిస్తామంటే ఒప్పుకోవద్దు. బాత్రూం వెంటిలేటర్ కూడా చూడండి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ తీసేసిన కంతలోంచి ఎంత పెద్ద పిల్లయినా దూరుతుంది. మొదటి నెల వీధి తలుపు తీసే ముందు గది తలుపు వేసి ఉండాలి. పాలబ్బాయి, చెత్తబండి, కొరియర్, వీళ్లు వచ్చే వేళలు ముఖ్యం.

అద్దె ఇల్లయితే ఓనర్‌తో మీరే మాట్లాడండి. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ కుదరదంటే, పెంపుడు జంతువుల్ని నిషేధించే అధికారం వాళ్లకి లేదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే సర్క్యులర్ ఇచ్చింది. అది ప్రింట్ తీసి చూపించొచ్చు. కానీ ఈ పిల్లి విషయంలో మాత్రం గొడవ పడి సాధించిన ఇంట్లో పెట్టకండి. ప్రశాంతంగా ఉన్న ఇల్లే కావాలి. చిన్నపిల్లలు, కుక్క ఉన్న ఇల్లు వద్దు. బలంగా, నెమ్మదిగా ఉండే ఇంకో పిల్లి ఉంటే ఒక్కోసారి మంచిదే, దాన్ని చూసి ఇది నేర్చుకుంటుంది.

---

సీతాఫల్‌మండి టైలరక్క

అందరికీ దండం. మియాపూర్ అక్కా, మీరు రాసింది చదివి చాలాసేపు మిషన్ తొక్కలేకపోయాను. మీ మాట మరిచిపోను, ప్రతి కిటికీ నేనే చూస్తాను.

రాంనగర్ తమ్ముడూ, కోపం లేదు. షెల్టర్‌లో కూడా ఒకాయన అదే అన్నారు. ఇప్పుడు ఆయనకి ఏం చెప్పాలో తెలిసింది.

నిన్న అట్టపెట్టె పెట్టించాను, రెండు కంతలు కోసి. నా పాత నైటీ ముక్క వేశాను. పొద్దున అబ్బాయి ఫోన్ చేశాడు, రాత్రి అందులోకి వెళ్లిందట. రక్తపరీక్షకి బుధవారం తీసుకెళ్తున్నాం.

పోస్టు మళ్లీ రాశాను. ఇలా ఉంటే సరిపోతుందా చెప్పండి:

"పొట్లం, మూడేళ్ల ఆడపిల్లి. మనుషులంటే భయం. మీ ఇంటికి వచ్చాక వారాల తరబడి మీకు కనిపించకపోవచ్చు. ఒళ్లో కూర్చోదు, ఎత్తుకోనివ్వదు. ఎప్పటికైనా మారుతుందో లేదో మాట ఇవ్వలేను. కరవదు. ఇసుక ట్రేలో తప్ప ఎక్కడా పాడు చేయదు. కుక్కర్ విజిల్ అంటే భయం లేదు, ఆ వంటింటి చప్పుడు విని తల తిప్పి చూస్తుంది. చిన్నపిల్లలు, కుక్కలు లేని ఇల్లు, ఒక ఖాళీ గది, ఆరు నెలలు ఓపిక పట్టే మనిషి కావాలి. ఇంటికి వచ్చి చూస్తాను. తర్వాత కూడా మీరు రమ్మంటే వస్తాను, వచ్చి మాట్లాడకుండా కూర్చుంటాను. కుదరకపోతే ఎప్పుడైనా నాకే తిరిగి ఇవ్వాలి, ఇంకెవరికీ ఇవ్వకూడదు."

---

సైనిక్‌పురి బ్యాంకు ఉద్యోగి

ఒక్క అక్షరం మార్చకండి. ఫోటో కూడా ట్రంకు వెనక నుంచి కళ్లు మాత్రమే కనిపించేదే పెట్టండి. నగరంలో బ్లూ క్రాస్ లాంటి పాత జంతు సంరక్షణ సంస్థల దగ్గరకి పిల్లుల కోసం వచ్చేవాళ్లుంటారు. అక్కడ కూడా అడిగి చూడండి.

---

పద్మారావునగర్ 1958

అమ్మాయీ, నేను ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. మా మనవడు టైపు చేసి పెడుతున్నాడు. వాడు బెంగళూరులో చదువుతాడు, సెలవులకి వచ్చాడు. ఇంట్లో మామూలుగా నేనూ, మా అక్కయ్యే. స్కూల్లో లెక్కలు చెప్పి రిటైర్ అయ్యాను. అక్కయ్యకి చెముడు, అందుకని ఆవిడ ఎక్కువ మాట్లాడదు. టీవీ రాత్రి వార్తలకే. పాత డాబా ఇల్లు, కిటికీలన్నిటికీ దోమల జాలీ, దానికి వెలుపల ఇనప జాలీ ఉన్నాయి. వెనకవైపు పూజగది పక్కన సామాన్ల గది ఖాళీగా ఉంది. మా ఇంట్లో పిల్లి పదహారేళ్లు బతికి పోయిన ఏడాది శ్రావణంలో పోయింది. మళ్లీ వద్దనుకున్నాం.

ఆ కుక్కర్ సంగతి చదివి అక్కయ్యకి గట్టిగా చదివి వినిపించాను. ఆవిడ వెంటనే లేచి సామాన్ల గది తలుపు తీసింది.

నాకున్న సందేహం ఒక్కటే. మా ఇంట్లో నీచు వండం. పాత పిల్లికి డాక్టరు చెప్పిన ప్యాకెట్ తిండే పెట్టేవాళ్లం, పెరుగన్నం కూడా కొంచెం తినేది. ఈ పిల్లికి కోడి మాంసం లేకపోతే కుదరదా?

---

రాజేంద్రనగర్ వెటర్నరీ స్టూడెంట్

అమ్మమ్మగారూ, మీరు వండక్కర్లేదు. పెరుగన్నం ఒక్కటే పెడితే మాత్రం కుదరదు. పిల్లికి టారిన్ అనే పదార్థం కావాలి, అది ఎక్కువగా మాంసం, చేపల్లోనే ఉంటుంది. చాలాకాలం అందకపోతే చూపు పోతుంది, గుండె బలహీనమవుతుంది. పిల్లుల కోసం అమ్మే ప్యాకెట్ తిండిలో అది కలిపే ఉంటుంది. మీ పిల్లి పదహారేళ్లు బతికిందంటే మీరు సరిగ్గానే పెట్టారు. కుక్కల తిండి ప్యాకెట్ మాత్రం వాడొద్దు, అందులో ఇది సరిపడా ఉండదు. షెల్టర్‌లో ఇప్పుడు ఏ తిండి పెడుతున్నారో అదే మొదటి రెండు వారాలు కొనసాగించండి.

---

సీతాఫల్‌మండి టైలరక్క

టీచరమ్మగారూ, పద్మారావునగర్ మా ఇంటికి నడిచి వచ్చే దూరం. నాకు చేతులు వణుకుతున్నాయి. రేపు సాయంత్రం ఆరు తర్వాత ఇల్లు చూడటానికి రావచ్చా? అడ్రస్ ఇక్కడ పెట్టకండి, ప్రైవేటుగా పంపించమని మనవడికి చెప్పండి. మీకు నచ్చి, ఇల్లూ సరిపోతే, రోజూ సాయంత్రం ఓ గంట వచ్చి ఆ సామాన్ల గదిలో కూర్చుంటాను. హుక్కుల పని నాకు ఎక్కడైనా ఒకటే. కోడి మాంసం మీ ఇంటికి తీసుకురాను, ప్యాకెట్ తిండే అలవాటు చేద్దాం.

మండపం మీ వీధిలో ఎంత దూరంలో వేస్తారు?

---

పద్మారావునగర్ 1958

మూడు వీధుల అవతల. సామాన్ల గది వెనకవైపు కాబట్టి చప్పుడు తక్కువ. రేపు ఆరింటికి రండి. అక్కయ్య మీకోసం పెసరట్టు వేస్తానంటోంది.

---

సీతాఫల్‌మండి టైలరక్క

ఇల్లు చూసి వచ్చాను. ఆరు కిటికీలు, రెండు వెంటిలేటర్లు, అన్నీ చేత్తో నొక్కి చూశాను. ఒక వెంటిలేటర్‌కి జాలీ వదులుగా ఉంది, మనవడు అప్పటికప్పుడే మేకులు కొట్టాడు. అటక మీదికి ఎక్కకుండా అట్ట అడ్డం పెట్టాం. పెద్దావిడ తన పాత నేత చీర మడత పెట్టి మూల వేసి ఉంచింది. రిపోర్టు బాగుంటే ఆదివారం పొద్దున, కుక్కలకి అన్నం పెట్టక ముందే, పొట్లాన్ని తీసుకెళ్తాం.

ఒక సాయం కావాలి. షెల్టర్‌లో ఉన్న క్యారియర్‌కి తలుపు ముందువైపే ఉంది. అందులోంచి తీయాలంటే లాగాలి. దిల్‌సుఖ్‌నగర్‌లో జరిగింది మళ్లీ జరగకూడదు. పైకప్పు మొత్తం ఊడి వచ్చే క్యారియర్ ఎవరి దగ్గరైనా ఉంటే ఒక్క రోజుకి ఇస్తారా? కడిగి తిరిగి ఇస్తాను.

---

రాంనగర్ 42

అక్కా, మా చెల్లి దగ్గర అలాంటిది ఉంది. నాలుగు క్లిప్పులు తీస్తే పైభాగం లేచి వస్తుంది. శనివారం రాత్రి డ్యూటీ అయ్యాక తొమ్మిదింటికి సీతాఫల్‌మండి రైల్వే స్టేషన్ దగ్గరకి తెస్తాను. ఆదివారం శామీర్‌పేటకి బండి కావాలన్నా చెప్పండి, నాది ఆటోనే. హారన్ కొట్టకుండా తీసుకెళ్తాను.